పద్నాలుగేళ్ళుగా చూస్తున్న డాక్టరుని మార్చాలంటే

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది పల్నాడు జిల్లాలో ఒక చిన్న టౌను. నేను పెళ్ళయి హైదరాబాదులో ఉంటున్నాను. అమ్మ అన్నయ్య దగ్గర ఉంటుంది. ఆమెకి 61 ఏళ్ళు. షుగరు వచ్చి పద్నాలుగేళ్ళయింది, బీపీ కూడా ఉంది. మొదటి నుంచీ ఊళ్ళో ఒకే డాక్టరు గారికి చూపిస్తున్నాం. ఆయనంటే ఇంటిల్లిపాదికీ గౌరవం. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో నాన్న ఆయాసంతో అల్లాడుతుంటే అర్ధరాత్రి ఫోన్ ఎత్తింది ఆయనే, ఎక్కడెక్కడో అడిగి సిలిండర్ తెప్పించింది ఆయనే. నాన్న దక్కలేదు గానీ ఆ సాయం మరిచిపోలేం. రెండేళ్ళ క్రితం అమ్మకి డెంగ్యూ వస్తే ఆయన నర్సింగ్ హోంలోనే చేర్చాం.

ఏడాదిగా అమ్మ కాళ్ళకి నీరు పడుతోంది, బాగా నీరసం. చెప్తే "వయసు కదమ్మా" అంటారు. వేలికి గుచ్చి పరగడుపు షుగరు చూసి అవే మందులు రాస్తారు. సంక్రాంతి తర్వాత అమ్మని ఇక్కడికి తీసుకొచ్చి పరీక్షలు చేయించాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) 9.1, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) 1.7, మూత్రంలో ప్రొటీన్ పోతోందని వచ్చింది. ఆ కాగితాలు పట్టుకెళ్తే డాక్టరు గారు చేతిలోకి కూడా తీసుకోలేదు. "బయట పరీక్షలు ఎవరు చేయించమన్నారు? నా మీద నమ్మకం లేకపోతే వేరే చోటికి వెళ్ళండి" అన్నారు. మోకాళ్ళ నొప్పి మాత్రతో సహా పాత మందులే మళ్ళీ రాశారు. చీటీ ఫోటో పంపుతున్నాను.

నాకు ఆయన మీద నమ్మకం పోయింది. అమ్మేమో "ఆయన హస్తవాసి మంచిది, మీ నాన్నప్పుడు ఆయన కాక ఎవరొచ్చారు? ఇప్పుడు ఆయన్ని కాదని పోతే ఏమనుకుంటాడు?" అంటోంది. అన్నయ్య "రాత్రిపూట ఏదన్నా అయితే ఊళ్ళో ఉన్నది ఆయనొక్కడే, నువ్వు హైదరాబాదులో కూర్చుని చెడగొట్టకు" అంటున్నాడు. నేను తొందరపడుతున్నానా? ఆయన మీద ఎక్కడైనా ఫిర్యాదు చేయాలా?

— ఒక కూతురు

సమాధానం:

మీరు అడిగింది డాక్టరు గురించి. నేను మాత్రం ముందు మందుల చీటీ సంగతి చెప్తాను. డాక్టరుని మార్చే విషయం ఇంట్లో నాలుగు రోజులు మాట్లాడుకోవచ్చు, ఇది అలా ఆగేది కాదు. నేను డాక్టర్ని కాను. చాలా ఏళ్ళు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. కాబట్టి నేను చెప్పేదాన్ని ఈ వారంలోనే ఎవరో ఒక ఎంబీబీఎస్ డాక్టరు ముందు పెట్టి అడగండి.

చీటీలో బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర ఉంది. మోకాళ్ళకి ఏసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసింది రోజుకి రెండు పూటలు ఉంది. టెల్మిసార్టాన్ మంచి మందు, షుగరున్న వాళ్ళ కిడ్నీని కాపాడుతుందనే రాస్తారు. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో ఉప్పునీ నీటినీ మూత్రంలోకి పంపే మందు. ఈ రెండూ వాడుతున్న మనిషికి పైన ఏసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర రోజూ పడితే కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుంది. ఈ మూడూ కలిస్తే ప్రమాదమని నర్సులకి కూడా నేర్పుతారు. మోకాలి నొప్పి మాత్ర ఇక వేసుకోవద్దని అమ్మకి చెప్పండి. దాన్ని ఆపితే నొప్పి తిరిగొస్తుంది తప్ప ప్రాణానికేమీ కాదు. కాపడం పెట్టుకోవచ్చు, ఉత్త పారాసెటమాల్ ఎంతవరకు వాడొచ్చో డాక్టరుని అడగొచ్చు. బీపీ మాత్ర, షుగరు మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. డాక్టరు మీద కోపం వచ్చి ఆయన రాసినవన్నీ ఒక్కసారే మానేసి బీపీ ఎక్కడికో పోయి స్ట్రెచర్ మీద వచ్చిన వాళ్ళని వార్డులో చాలామందిని చూశాను.

షుగరు మాత్ర గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసింది. రెండు పూటలా కలిపి మెట్‌ఫార్మిన్ 2,000 మిల్లీగ్రాములు పడుతోంది. 61 ఏళ్ళ స్త్రీకి క్రియాటినిన్ 1.7 ఉంటే ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ వడపోత లెక్క, 34 దగ్గర వస్తుంది. అది 45 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ మోతాదు మళ్ళీ చూడాలి, 30 కంటే తగ్గితే ఆపెయ్యాలి. గ్లిమిపిరైడ్‌తో ఇంకో చిక్కుంది. కిడ్నీ మందగించిన వాళ్ళకి షుగరు హఠాత్తుగా పడిపోవచ్చు. అమ్మకి చెమటలు పట్టినా, చేతులు వణికినా, తెల్లవారుజామున మాట తేడాగా ఉన్నా వెంటనే షుగరు చూసి, తక్కువుంటే గ్లూకోజు నీళ్ళో పంచదారో ఇవ్వాలని మీ వదినకి చెప్పి ఉంచండి.

ఇప్పుడు ఆ 1.7 గురించి. భయపడకండి, కొట్టిపారేయకండి కూడా. ఒక్క కాగితంతో కిడ్నీ జబ్బని ముద్ర వేయరు. ప్రయాణంలో నీళ్ళు తాగకపోయినా, విరేచనాలైనా, ఈ నొప్పి మాత్రల వల్లయినా క్రియాటినిన్ పెరుగుతుంది, కారణం తీసేస్తే కొంత దిగుతుంది కూడా. మూడు నెలలు దాటి వడపోత 60 కంటే తక్కువే ఉంటే అప్పుడు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బంటారు. కానీ మీ అమ్మగారి విషయంలో కాళ్ళ నీరు ఏడాదిగా ఉంది, మూత్రంలో ప్రొటీన్ పోతోంది, షుగరు పద్నాలుగేళ్ళది. కిడ్నీ దాదాపు సగం శక్తి పోయేదాకా క్రియాటినిన్ మామూలుగానే కనిపిస్తుంది. అందుకే షుగరున్న వాళ్ళకి ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూడాలంటారు. కంటి వెనక పొర, పాదాల స్పర్శ కూడా ఏడాదికోసారి చూడాలి. హెచ్‌బీఏ1సీ కనీసం ఆర్నెల్లకోసారి, అదుపులో లేకపోతే మూడు నెలలకోసారి. మీ ఉత్తరాన్ని బట్టి వేలికి గుచ్చి చూసిన పరగడుపు షుగరు తప్ప వీటిలో ఏదీ జరిగినట్టు లేదు. పరగడుపు 130 ఉండి తిన్నాక 300 దాటే వాళ్ళున్నారు. ఉదయాన్నే వేలు గుచ్చితే అది కనపడదు.

ఇక మీ అసలు ప్రశ్న. మార్చండి. మీరు తొందరపడటం లేదు.

నేనిలా అనడానికి కారణం పరీక్షలు చేయించకపోవడం ఒక్కటే కాదు. చిన్న ఊళ్ళో పొద్దున్నుంచి రాత్రి దాకా ఓపీ చూసే డాక్టరు, రోగులు పరీక్షలంటే "కమీషన్ కోసం రాస్తున్నాడు" అని గొణిగే చోట, మెల్లగా రాయడం మానేస్తాడు. అది లోపమే. కానీ చెప్తే సరిదిద్దుకునే లోపం. మీరు కాగితం తీసుకెళ్ళిన రోజున ఆయనకి ఆ అవకాశం వచ్చింది. "అయ్యో, ఇది చూడాల్సింది" అని అననక్కర్లేదు. "ఇటివ్వండి చూద్దాం, నొప్పి మాత్ర తీసేద్దాం, నెల తర్వాత మళ్ళీ చేయిద్దాం" అంటే చాలు, నేను మిమ్మల్ని అక్కడే ఉండమని చెప్పేదాన్ని. ఆయన కాగితం ముట్టుకోలేదు. మాట పడ్డందుకు మీకు బాధ కలిగింది. నన్ను కలవరపెట్టింది మాత్రం ఆ కాగితం చూడకుండానే ఏసిక్లోఫెనాక్ మళ్ళీ రాయడం. తన రోగి ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడం కంటే తన మాటే నెగ్గాలనే పట్టుదల ఆ రోజు పెద్దదైపోయింది. జ్వరానికో జలుబుకో అయితే ఇది సర్దుకుపోవచ్చు. రాబోయే పదిహేనేళ్ళు నెలనెలా మందుల మోతాదు మారుస్తూ చూసుకోవాల్సిన జబ్బులో, అడిగితే కోప్పడతారనే భయంతో కొత్త బాధ కూడా చెప్పుకోలేని చోట ఉండకూడదు.

మీ ఉత్తరం చదువుతుంటే ఒకటి అనిపించింది. వదిలెయ్యాలంటే ముందు ఆయన తప్పు చేశాడని తేలాలి, అమ్మా అన్నయ్యా ఒప్పుకోవాలి అని మీరు అనుకుంటున్నారు. అక్కర్లేదు. ఆయన చెడ్డవాడని తేల్చకుండానే వెళ్ళిపోవచ్చు. ఆయన మంచివాడు కావచ్చు, మంచి డాక్టరు కూడా కావచ్చు, ఎంతోమందికి ఇప్పటికీ ప్రాణం పోస్తుండొచ్చు. మీ అమ్మగారి కిడ్నీకి మాత్రం ఇప్పుడు ఇంకొకరు కావాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం అందులో ఒకటి. మందులు, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో మనమే ఎంచుకోవడం ఇంకొకటి. కాబట్టి "బయట ఎవరు చేయించమన్నారు" అన్న ప్రశ్నకి మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సింది లేదు.

అయితే మీ ఉత్తరం చదివి ఇంకెవరైనా రేపే డాక్టరుని మార్చేస్తారేమోనని ఒక మాట చెప్పాలి. సెలైన్ పెట్టమంటే పెట్టలేదని, ఇంజెక్షన్ ఇవ్వలేదని, వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ రాయలేదని మారేవాళ్ళు మంచి డాక్టరుని పోగొట్టుకుంటున్నారు. ముక్కుసూటిగా మాట్లాడతాడని, గంటలు కూర్చోబెడతాడని మారడం మీ ఇష్టం, దానికీ వైద్యానికీ సంబంధం లేదు. హెచ్‌బీఏ1సీ 9.1 రావడం కూడా ఒక్క డాక్టరు తప్పే కాకపోవచ్చు. అమ్మ మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా, పండగ అరిసెలు ఎన్నాళ్ళు నడిచాయి, రాత్రి అన్నం ఎంత తింటోంది అన్నది మీ అన్నయ్య వాళ్ళని అడగండి. కొత్త డాక్టరు మొదట అడిగేవి ఇవే.

ఇక అమ్మ. ఆమె మాటని చాదస్తం అనుకోకండి. వైద్యో నారాయణో హరిః అని విని పెరిగిన తరం. దానికి తోడు భర్త పోతున్న రాత్రి చుట్టాలు కూడా గుమ్మం తొక్కడానికి భయపడ్డ రోజుల్లో తలుపు తట్టి వచ్చిన మనిషి ఆయన. ఆ రుణం నిజం, దాన్ని తీర్చుకోవాలనుకోవడం ఆమె మంచితనం. మీరు "ఆయన నిన్ను పాడుచేశాడు" అని మొదలుపెట్టారో, ఆమె ఆయన్ని కాపాడే పనిలో పడుతుంది. అప్పుడు మీ ఇద్దరి మధ్యా గొడవ ఆయన గురించే అవుతుంది, కిడ్నీ పక్కకి పోతుంది. దానికంటే ఆమెకి తన కాగితం తనకే చూపించండి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ రిపోర్టులు పిల్లలే చదివి, పిల్లలే దాచి, పిల్లలే నిర్ణయిస్తారు. అరవై దాటిన మనిషికి తన ఒంటి సంగతి తనకి తెలిసే హక్కు లేదా? "అమ్మా, నీ మూత్రంలోంచి ప్రొటీన్ పోతోంది, నీ కాళ్ళ నీరు అందువల్ల కావచ్చు, ఇప్పుడు పట్టుకుంటే నిలబెట్టొచ్చు" అని నెమ్మదిగా చెప్పండి. డయాలసిస్ పేరెత్తి బెదిరించొద్దు. అంతా చెప్పాక ఏం చేద్దామని ఆమెనే అడగండి.

ఆమె భయం ఆయన ఏమనుకుంటాడనే కదా. దానికి జవాబు అబద్ధం కానక్కర్లేదు. ఆయన కిడ్నీ డాక్టరు కాడు. కిడ్నీకి కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఎవరినీ కాదనడం కాదు. ఆయన ఇంట్లో పెళ్ళికి వెళ్ళండి, మీ ఇంట్లో శుభకార్యానికి మొదటి పిలుపు ఆయనకే ఇవ్వండి, నాన్న తద్దినం రోజున ఆయనకి భోజనం పంపండి. కృతజ్ఞత చూపించడానికి వంద దారులున్నాయి. ఏసిక్లోఫెనాక్ మింగడం వాటిలో ఒకటి కాదు.

వెళ్ళే ముందు కాగితాలు పోగు చేయండి. ఇది చిన్న పని అనుకుంటారు గానీ, కొత్త డాక్టరుకి మొదటి రోజు పనికొచ్చేది ఇదే. పాత చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, ఈసీజీలు ఎన్ని దొరికితే అన్ని తేదీల వరసలో ఒక ఫైలులో పెట్టండి. అన్నిటికంటే ముఖ్యమైంది రెండేళ్ళ క్రితం డెంగ్యూకి చేర్చినప్పటి కేస్ షీటు, డిశ్చార్జ్ సమ్మరీ. డెంగ్యూ రోగికి రక్త పరీక్షలు పదేపదే చేస్తారు, అందులో క్రియాటినిన్ కూడా ఉండి ఉండొచ్చు. అప్పుడు 0.9 ఉండి ఇప్పుడు 1.7 అయితే ఒక కథ, అప్పుడే 1.5 ఉంటే ఇంకో కథ. మొదటిదైతే రెండేళ్ళలో ఏదో వేగంగా దెబ్బతీస్తోందని వెతకాలి. రెండోదైతే నెమ్మదిగా నడుస్తున్న జబ్బు. మీ దగ్గరున్న వాటిలో ఇంత విలువైన సమాచారం ఇంకొకటి లేదు.

ఆ కేస్ షీటు మీకు ఇవ్వాలి. 2002లో వచ్చిన వైద్యుల వృత్తి నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డుని చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్ళు భద్రపరచాలి, రోగి గానీ ఆమె తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో కాపీ ఇవ్వాలి. రెండేళ్ళు గడిచాయి కాబట్టి గడువు ఇంకా ఉంది, ఆలస్యం చేయొద్దు. ముందు కౌంటర్లో నోటితో మర్యాదగా అడగండి. చాలా చోట్ల అంతతోనే పని అయిపోతుంది. వారం తిప్పితే అప్పుడు అమ్మ సంతకంతో ఒక తెల్లకాగితం మీద రాసి, తీసుకున్నట్టు రెండో కాపీ మీద సంతకం తీసుకోండి. నియమాల పేరెత్తి మొదటి రోజే గొంతు పెంచితే ఆ ఫైలు ఎక్కడుందో ఎవరికీ గుర్తురాదు.

ఎక్కడికి వెళ్ళాలి? పల్నాడు నుంచి మీకు గుంటూరు, మంగళగిరి దూరం కాదు. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ప్రైవేటులో కిడ్నీ డాక్టర్లు గుంటూరు, విజయవాడల్లో చాలామంది ఉన్నారు. హైదరాబాదు వద్దని నా సలహా. మీ దగ్గరుంటే మీకు ధైర్యంగా ఉంటుంది, నిజమే. కానీ ఈ జబ్బుకి నెలకో, రెండు నెలలకో ఒకసారి కనపడాలి. పల్నాడు నుంచి అంత దూరం అమ్మ రెండుసార్లు వస్తుంది, మూడోసారికి మానేస్తుంది. ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరే చోటే మంచిది. కంటి వెనక పొర చూపించడం మరవకండి. షుగరు కిడ్నీని పట్టిన మనిషికి చాలాసార్లు కంటినీ పట్టి ఉంటుంది, చూపు తగ్గేదాకా తెలియదు. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. అదే ప్రయాణంలో రెండూ కాకుండా వేరే రోజు పెట్టుకోండి. కంట్లో చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, పెద్దావిడని ఆ పరిస్థితిలో ఇంకో ఆసుపత్రి మెట్లెక్కించొద్దు.

కొత్త డాక్టరు పెద్ద పేరున్న వాడా కాదా అని చూడకండి. మొదటి రోజు ఆయన చేసే పనులు చూడండి. పాత ఫైలు తిరగేస్తున్నాడా? అమ్మ వేసుకునే మాత్రలన్నీ, మందుల షాపులో అడిగి కొనుక్కునేవి కూడా, బల్ల మీద పెట్టమంటున్నాడా? చెప్పులు విప్పించి పాదాలు చూశాడా? అమ్మతో మాట్లాడుతున్నాడా, పక్కన నిలబడ్డ కొడుకుతోనేనా? ఈ మాత్ర దేనికి అని అడిగితే రెండు వాక్యాల్లో చెప్పగలుగుతున్నాడా? పదిహేను పరీక్షలు రాసినంత మాత్రాన మంచి డాక్టరు అయిపోడు. ప్రతి పరీక్షా దేనికో చెప్పగలిగితే నమ్మొచ్చు. మీరు అడగాల్సిన వాటిలో ఒకటి డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులు అమ్మకి సరిపడతాయా అని. షుగరుతో పాటు కిడ్నీని కూడా కాపాడే మందు అది. 2020లో మన దేశంలో దాని పేటెంట్ గడువు తీరాక చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర దిగింది. పదేళ్ళ క్రితం ఇలాంటి జబ్బుకి చేయగలిగింది చాలా తక్కువ. ఇప్పుడు అలా కాదు. నేను మిమ్మల్ని ఆలస్యం చేయొద్దనడానికి ఇదే పెద్ద కారణం. మూత్రంలో ఇన్ఫెక్షన్లు పదేపదే వచ్చేవాళ్ళు అలాంటి మందు మొదలుపెట్టే ముందు ఆ సంగతి చెప్పాలి, అమ్మకి అలాంటివి ఉంటే దాచొద్దు.

మీ అన్నయ్య భయం గురించి. అతని మాట కటువుగా ఉన్నా భయం న్యాయమైంది. రాత్రి రెండింటికి అమ్మని చేతుల్లో పట్టుకుని పరిగెత్తాల్సింది అతనే. కాబట్టి అతన్ని ఓడించడానికి చూడకండి, పని అప్పగించండి. పాత డాక్టరు గారికి చెప్పాల్సింది మీరు కాదు, అతను. ఊళ్ళో రోజూ ఎదురుపడేది వాళ్ళిద్దరూ. ఓపీ రద్దీలో కాకుండా మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి, "డాక్టరు గారూ, అమ్మకి కిడ్నీలో తేడా ఉందని రిపోర్టు వచ్చింది కదండీ, గుంటూరులో కిడ్నీ డాక్టరుకి చూపిస్తున్నాం. మీరు ఇన్నాళ్ళూ చూశారు, పాత కేస్ షీటు కాపీ ఇప్పిస్తే వాళ్ళకి పనికొస్తుంది" అంటే సరిపోతుంది. చెల్లెలు అన్నదీ ఆయన అన్నదీ ఎత్తొద్దు. ఆయన కోప్పడితే విని వచ్చేయమనండి. ఇంకో సంగతి, చెప్పకుండా మాయమైపోవద్దు. చిన్న ఊళ్ళో అలా మాయమైన వాళ్ళే తర్వాత ఆయన వీధిలోంచి వెళ్ళలేక చుట్టూ తిరిగి వెళ్తారు.

అత్యవసరానికి ఆయన తలుపు మూసేస్తాడని అనుకోను. అదే 2002 నియమావళి డాక్టరుకి ఎవరిని చూడాలో ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తూనే, అత్యవసరంలో పిలిస్తే మాత్రం స్పందించాలని చెప్తుంది. నేను చూసిన డాక్టర్లలో, అలిగిన వాళ్ళు కూడా, ఆయాసంతో వచ్చిన మనిషిని వెనక్కి పంపలేదు. 2021లో నాన్న కోసం లేచిన మనిషి మీ అమ్మ కోసం లేవడా? అయినా ఆయన ఒక్కడి మీదే ఆధారపడకుండా 108 ఎంత సేపట్లో వస్తుందో, దగ్గరలో ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఏదో అన్నయ్య ముందే కనుక్కుని ఉంచితే మంచిది. అమ్మ జబ్బుల పేర్లు, మందుల పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించమనండి. రాత్రి వచ్చే డాక్టరు ఎవరైనా మొదట అడిగేది అదే.

ఫిర్యాదు సంగతి. రాష్ట్ర వైద్య మండలికి రాయొచ్చు. డాక్టర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, ఆ కేసు రెండేళ్ళలోపు వేయాలి. కానీ అక్కడ నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని ఇంకో డాక్టరు నోటితో నిరూపించాలి, అది సులువు కాదు. ఇప్పుడు మీ శక్తి అంతా అమ్మ మీద పెట్టండి. కాగితాలు ఎలాగూ భద్రంగా ఉంటాయి. నాలుగు నెలల తర్వాత కిడ్నీ డాక్టరు చెప్పింది విన్నాక కూడా ఫిర్యాదు చేయాలని మీకు అనిపిస్తే అప్పుడు చేయండి, నేను వద్దనను.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. నమ్మిన డాక్టరు మీద నమ్మకం పోయిన ఇంట్లోకి వారం తిరక్కుండానే ఒక చుట్టం వస్తాడు. ఫలానా ఊళ్ళో పసరు పోస్తారని, క్రియాటినిన్ నెలలో దిగిపోయే పొడి ఉందని చెప్తాడు. అమ్మలాంటి వాళ్ళు ఆ సమయంలో అలాంటి మాటకి సులువుగా లొంగుతారు, మళ్ళీ ఎవరో ఒకరిని పూర్తిగా నమ్మాలని ఉంటుంది కాబట్టి. ఏ ముడిసరుకుతో చేశారో తెలియని భస్మాల్లో సీసం, పాదరసం ఉన్న సందర్భాలు ఉన్నాయి, అవి కిడ్నీని నేరుగా దెబ్బతీస్తాయి. ఎవరు ఏది ఇచ్చినా కిడ్నీ డాక్టరుకి చూపించకుండా నోట్లో వేసుకోనని అమ్మ దగ్గర మాట తీసుకోండి.

కొత్త చోట కూడా మొదటి నెలలోనే అంకెలు దిగాలని చూడకండి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి మొదలుపెట్టినా, టెల్మిసార్టాన్ మోతాదు పెంచినా, మొదటి వారాల్లో క్రియాటినిన్ కొద్దిగా పైకి వెళ్ళొచ్చు. అది మందు పనిచేసే తీరులో భాగమని డాక్టర్లకి తెలుసు, ఎంతవరకు పెరిగితే ఫరవాలేదో వాళ్ళు చూసుకుంటారు. దెబ్బతిన్న కిడ్నీ మళ్ళీ కొత్తది కాదు. ఇప్పుడున్న 34ని పదేళ్ళ తర్వాత కూడా ఆ చుట్టుపక్కలే ఉంచగలిగితే అది గెలుపే. ఆ సంగతి తెలియక రెండో రిపోర్టు చూసి భయపడి మూడో డాక్టరు దగ్గరికి, అక్కడి నుంచి నాలుగో ఆయన దగ్గరికి పరిగెత్తే వాళ్ళున్నారు. ప్రతి చోటా మందులు మొదటి నుంచి మారతాయి, ఎవరికీ రోగి పూర్తిగా అర్థం కాదు. ఒక ఆర్నెల్లు ఒక్కరి దగ్గరే ఉండండి. అనుమానం వస్తే కాగితం తీసుకెళ్ళి ఆయన్నే అడగండి. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని చదివితే, అక్కడే ఉండండి.